అల్ట్రాసౌండ్ కోర్సా? ఫీజు కట్టేముందు...

‘అల్ట్రాసౌండ్ టెక్నీషియన్’ డిప్లొమాలో చేరాలనుకునే బైపీసీ విద్యార్థులు ముందుగా ఒకటి తెలుసుకోవాలి. మన దేశంలో స్కానింగ్ చేసి రిపోర్టు ఇవ్వడం అర్హత ఉన్న డాక్టర్ల పని. లింగనిర్ధారణను అడ్డుకోవడానికి 1994లో వచ్చిన పీసీ-పీఎన్‌డీటీ చట్టం ఈ మెషీన్ల మీద గట్టి నిఘా పెట్టింది. అమెరికాలో సోనోగ్రాఫర్ అనేది ప్రత్యేకంగా ఒక వృత్తి. ఆ జీతాలు చూపించి ఇక్కడ ఫీజు వసూలు చేసేవాళ్లతో జాగ్రత్త.

డాక్టరు కాకుండానే అల్ట్రాసౌండ్ చేతపట్టే దారి ఫిజియోథెరపీ. పేషెంట్లు ‘కరెంటు పెట్టించుకున్నాం’ అంటారు గానీ, స్కానింగ్‌కు కాకుండా నొప్పికి వాడే ఈ అల్ట్రాసౌండ్ థెరపీలో ఒంట్లోకి వెళ్లేది చెవికి వినపడని ధ్వని. మెషీన్ మీద సాధారణంగా 1, 3 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలుంటాయి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ధ్వని పైపొరల్లోనే ఇంకిపోతుంది. అందుకే మోచేతి టెండన్‌కు 3, తొడలో లోతుగా ఉన్న కండరానికి 1. ధ్వనిని కొవ్వు పెద్దగా పీల్చుకోదు, కండరం అంతకంటే ఎక్కువ, టెండన్ ఇంకా ఎక్కువ, ఎముక అన్నిటికన్నా ఎక్కువ పీల్చుకుంటాయి. మెషీన్ హెడ్‌ను కదపకుండా ఒకేచోట ఆపితే ఎముక మీది పొర చురుక్కుమనేది అందుకే. జెల్ రాయకపోతే మధ్యనున్న గాలి ధ్వనిని దాదాపు మొత్తం వెనక్కి తిప్పికొడుతుంది.

కండరాల నొప్పులకు ఈ థెరపీ పనిచేస్తుందనడానికి ఆధారాలు అంత బలంగా లేవు. నా లెక్కలో మంచి ఫిజియోకు వ్యాయామం చేయించడం ముందు, మెషీన్ తర్వాత. నేను ఇంటర్వ్యూ చేస్తే ‘నిన్న బెణికిన కండరానికి కంటిన్యువస్ మోడ్ (ధ్వని ఆగకుండా వెళ్లేది) ఎందుకు పెట్టకూడదు?’ అని అడుగుతాను. కొత్త గాయానికి వేడి తగలకూడదని, పెడితే ధ్వని ఆగి ఆగి వెళ్లే పల్స్‌డ్ మోడే పెట్టాలని చెప్పగలిగినవాళ్లు పాఠం బట్టీ పట్టలేదన్నమాట.

ఎంపీసీ వాళ్లకు బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది. బిగుసుకున్న కండరంలో కోత (షియర్) తరంగాలు వేగంగా వెళ్తాయి. ఆ వేగాన్ని కొలిచి గట్టిదనం చెప్పే ఎలాస్టోగ్రఫీ లాంటివి ఈ రంగంలోవే. హైదరాబాద్ ఐఐటీలో, ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగాలున్నాయి.

ఫిజియోథెరపీ డిగ్రీ (బీపీటీ) సీట్లకు తెలంగాణలో కాళోజీ, ఏపీలో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాల నోటిఫికేషన్లు చూడాలి. 2021 అలైడ్ హెల్త్‌కేర్ చట్టం వచ్చాక నిబంధనలు మారుతున్నాయి కాబట్టి సీనియర్ల మాట కాకుండా ఈ ఏటి నోటిఫికేషనే చదవండి. కాలేజీ చూడ్డానికి వెళ్తే ఎలక్ట్రోథెరపీ ల్యాబ్ చూపించమనండి. సొంత ఆసుపత్రి ఉందో లేదో, విద్యార్థులు ఏ ఏడాది నుంచి పేషెంట్లను చూస్తారో అడగండి.