పాత తెరచాప పడవ డెక్కులో చెమ్మ: పరీక్షా విధానము

సంతలో కుండ కొనబోయిన ఇల్లాలు మొదట దానిని కంటితో చూచును. తరువాత వేలి కణుపుతో మీటి చెవి యొగ్గును. ఖంగున మ్రోగిన కుండ ఇంటికి వచ్చును. బొంగురుగా పలికినది సంతలోనే ఉండిపోవును. లక్షల రూపాయల విలువ గల తెరచాప పడవను పరీక్షించు నిపుణుడును మొదట చేయునది ఇదియే యనిన విద్యార్థి మిత్రులు నవ్వవచ్చును. తెలుగు పాఠము చెప్పువానికి పడవలతో పని యేమని అడుగవచ్చును కూడ. హుస్సేన్‌సాగరుపై తెరచాప పడవలు పోటీపడుట చూచినప్పుడు, తళతళలాడు వాటి ఒడలు దేనితో చేసినవను కుతూహలము పుట్టి తెలిసికొన్న సంగతులివి.

ఇరువదవ శతాబ్ది నడిమి వరకు తెరచాప పడవ యనిన సామాన్యముగా కొయ్యపడవయే. ఆ పిమ్మట గాజునారను పాలియెస్టర్ రెజిన్‌తో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పరచి గట్టిపడనిచ్చు పద్ధతి వ్యాప్తిలోనికి వచ్చినది. దీనినే ఫైబర్‌గ్లాస్ అందురు. 1959లో న్యూయార్కు పడవల ప్రదర్శనలో కనిపించిన ‘ట్రైటన్’ అను పడవ ఈ మార్పును మధ్యతరగతివారి చేరువకు తెచ్చినది. దానిని రూపొందించినవాడు కార్ల్ ఆల్బర్గ్. పొడవు సుమారు 28 అడుగులు. డెక్కు నడుమ బాల్సా కొయ్య. అమెరికాలో అట్టివి సుమారు 700 తయారైనవి. అరువదేండ్లు దాటినను వాటిలో కొన్ని నేటికిని నీటిమీద నున్నవి. జీతముపై బ్రదుకు కుటుంబము కొనగలుగునది ఇట్టి పాత పడవనే. అయితే కొన్నవాని కొంప ముంచునది తరచుగా పడవ అడుగు కాదు, పైనున్న డెక్కు.

కారణము దాని నిర్మాణములోనే ఉన్నది. డెక్కును మందమైన ఫైబర్‌గ్లాస్‌తోనే చేసినచో బరువెక్కును. పైభాగము బరువెక్కిన పడవ గాలికి ఎక్కువగా ఒరుగును. పలుచగా చేసినచో అడుగు వేసినచోటనెల్ల వంగును. ఇందుకు కనిపెట్టిన ఉపాయమేమనగా, పైన ఒక పలుచని పొర, క్రింద ఒక పలుచని పొర, నడుమ తేలికైన పదార్థము. పలక మందము రెట్టింపైనచో అది వంగకుండ నిలుచు శక్తి రెండింతలు గాక ఎనిమిదింతలగును. నడిమి పొరకు విరివిగా వాడినది ఈక్వెడార్ దేశమున పెరుగు బాల్సా. దానిని చిన్న బిళ్ళలుగా కోసి, కొయ్య నార నిలువుగా ఉండునట్లు పేర్చుదురు. నీరు నార వెంట త్వరగా, నారకు అడ్డముగా మెల్లగా ప్రాకును గనుక ఈ అమరికలో చెమ్మ ప్రక్కలకు వ్యాపించుట ఆలస్యమగును. కాని బిళ్ళల నడిమి సందులు రెజిన్‌తో నిండకపోయినచో అవియే మడికాలువలై నీటిని దూరము కొనిపోవును.

ఇక నీరెట్లు ప్రవేశించును? డెక్కుపై ఎన్నో సామానులు బోల్టులతో బిగించబడి యుండును. అంచు వెంట మనిషి పడిపోకుండ నిలిపిన కంబములు, తాళ్ళు చుట్టు కొక్కెములు, కిటికీల చట్రములు, అన్నింటికంటె ముఖ్యముగా తెరచాప స్తంభమును నిలబెట్టు ఉక్కుతాళ్ళను పట్టియుంచు లోహపు పట్టీలు. ఒక్కొక్కటి డెక్కులో ఒక రంధ్రము. రంధ్రమునకు పూసిన లప్పము ఏండ్లు గడచిన కొలది ఎండి పట్టు వదలును. మనిషి కంబమును పట్టుకొని ఊగినప్పుడెల్ల ఆ సందు మరికొంత తెరచుకొనును. వానకొక చుక్క చొప్పున లోపలికి దిగిన నీటికి పైనను క్రిందను ఫైబర్‌గ్లాసే. బయటికి పోవు దారి లేదు. చలిదేశములలో ఆ నీరు గడ్డకట్టి సుమారు నూటికి తొమ్మిది వంతులు ఉబ్బి, పొరను కొయ్యనుండి ఊడదీయును. వెచ్చని కాలమున, కొయ్యలో తేమ నూటికి 20 పాళ్ళు మించినప్పుడు, బూజుజాతి జీవులు చేరి దానిని చివికింపజేయును.

పరీక్షించువాడు ఇక్కడ మూడు స్థితులను వేరు చేసి తెలిసికొనవలెను. కొయ్య తడిసియుండుట ఒకటి, పొర వీడియుండుట ఒకటి, కొయ్య కుళ్ళియుండుట ఒకటి. తడిసినదెల్ల కుళ్ళినది కాదు. వీడినదెల్ల తడిసినది కాదు. ఏ పనిముట్టు దేనిని చెప్పునో ఎరుగనివాడు మంచి పడవను విడిచిపెట్టును, లేదా చెడ్డదానికి తాను కూడబెట్టినదంతయు ధారపోయును.

మొదట కన్ను. బోల్టుల చుట్టు నక్షత్రాకారమున చీలిన సన్నని గీతలు, పడవలోపల కప్పున గోధుమరంగు మరకలు, మరల నుండి కారు మురికినీరు అనుమానమునకు తావిచ్చును. పిమ్మట పాదము. చెప్పులు విడిచి అడుగడుగున మడమతో నొక్కి నడువవలెను. మెత్తగా దిగినచోట, కిఱ్ఱుమన్నచోట సుద్దతో గుర్తు పెట్టవలెను.

తరువాత సుత్తి. బరువైనది పనికిరాదు, ప్లాస్టిక్ పిడిగల స్క్రూడ్రైవరును తిరుగవేసి పట్టుకొన్నను చాలును. రెండు మూడు అంగుళముల కొకమారు తట్టుచు పోవలెను. గట్టిచోట టక్కుమని స్ఫుటముగా పలుకును. పొర వీడినచోట దబ్బుమని మొద్దుగా పలుకును. కాని క్రింద అడ్డుగోడ యున్నను, బోల్టుల క్రింద పలక యున్నను, కొయ్య లేక ఫైబర్‌గ్లాసే మందముగా నున్నను శబ్దము మారును. కావున లోపలికి దిగి, క్రింద ఏమున్నదో చూచి మరల పైకి రావలెను. ఈ ఎక్కిదిగుటకు బద్ధకించి తప్పుడు తీర్పు చెప్పువారుందురు. మరియొక చిక్కున్నది: తడిసియు పొర వీడని కొయ్య ఒక్కొక్కప్పుడు గట్టిగానే పలుకును. అచ్చట చెవి మోసపోవును.

అందుకే చెమ్మ మీటరు వచ్చినది. దీనిని డెక్కుపై ఆనించిన, విద్యుత్ క్షేత్రము ద్వారా లోపలి తేమను సూచించును. ముల్లు చూపు అంకెను పరీక్షలో వచ్చిన మార్కులవలె నమ్మరాదు. ఆ అంకెలు కొయ్యకొరకు నిర్ణయించినవి. ఫైబర్‌గ్లాస్‌పై అవి నూటికిన్ని పాళ్ళని చెప్పజాలవు. ఇచ్చట ఎక్కువ, అచ్చట తక్కువ అను పోలికయే వాటి విలువ. పైనున్న మంచు బిందువులు, ఉప్పు, క్రిందనున్న లోహము, నీళ్ళతొట్టి, ఇవన్నియు ముల్లును పైకి నెట్టును. శీతకాలమున లోపలి నీరు గడ్డకట్టి యున్నచో మీటరు దానిని సరిగా కనిపెట్టలేదు. తడి డెక్కు పొడిదని పలుకును. కనుక డెక్కు బాగుగా ఆరిన పిమ్మట, గడ్డకట్టని రోజున, సామానులకు దూరముగా నున్న మంచిచోట మొదట కొలిచి, దానితో తక్కిన చోట్లను పోల్చవలెను.

సుత్తియు మీటరును ఒకే చోటును చూపినచో సందేహము బలపడును. అయినను కొయ్య కుళ్ళినదా లేదా యనునది అవి రెండును చెప్పవు. దానికి మిగిలినది బరమా. (ఈ పనిముట్టు పేరు మన కళాశాలలో ఉర్దూ విద్యార్థికిని తెలుగు విద్యార్థికిని ఒక్కటియే.) యజమాని అనుమతి లేనిదే దీనిని ముట్టరాదు, అమ్మకానికున్న పడవకు రంధ్రము చేయుట పరాయి గోడకు కన్నము వేయుట వంటిది. అనుమతి దొరికినచో లోపలివైపు నుండి, పైపొర చీలకుండ బరమా పుల్లకు లోతు గుర్తుగా టేపు చుట్టి, మెల్లగా తొలువవలెను. వచ్చిన పొట్టును అరచేతిలో వేసికొని చూడవలెను. లేత రంగున పొడిగా రాలినచో కొయ్య క్షేమము. లేతరంగే అయి తడిగా నున్నచో నీటి దారిని మూసి ఆరబెట్టుటకు ఆశ కలదు. నల్లబడి, పిండిన నీరు కారి, ముద్దవలె అంటుకొన్నచో పైపొరను కోసి, ఆ కొయ్యను తీసివేసి, క్రొత్తది అతికింపక తప్పదు. సూదితో రెజిన్ ఎక్కించినచో చాలునను మాట వినవచ్చును. తడికొయ్యకు రెజిన్ పట్టదు.

స్తంభపు ఉక్కుతాళ్ళ పట్టీల వద్ద నల్లని పొట్టు వచ్చినచో ధర తగ్గింపు గూర్చి మాటాడుటకు ముందు, కుళ్ళు ఆ పట్టీ బిగించిన అడ్డుగోడ కొయ్యలోనికి దిగినదేమో చూడవలెను. అది వదలినచో గాలి ముదిరిన వేళ స్తంభమే కూలును, డెక్కుపై మనుషులుందురు. మేలైన పొట్టు వచ్చినను చేసిన రంధ్రమును ఆనాడే ఎపాక్సీతో పూడ్చవలెను. లేనిచో పరీక్ష కొరకు చేసిన కన్నమే చెమ్మకు మరియొక దారి యగును.