మట్టి బాట మీద సైకిల్: "ఇనుము తగలలేదు కదా!" అనుకోవద్దు

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి కొండాపూర్ చుట్టుపక్కల గుట్టలు, బండరాళ్లు, మట్టి బాటలే ఎక్కువ. నేడు ఇక్కడ మట్టి బాట వెతికితే గాని కనబడదు. అయినా మట్టి బాట మనల్ని వదలలేదు. కొందరు వ్యాయామం కోసం సెలవు రోజు తెల్లవారుజామునే శంకర్‌పల్లి, చేవెళ్ల, వికారాబాద్ వైపు సైకిల్ మీద వెళుతున్నారు. మరికొందరు కట్టడం పనికో, కాపలా పనికో, ఊళ్లో పొలానికో రోజూ సైకిల్ మీదే వెళ్లి వస్తారు. ఇద్దరికీ ఉపయోగపడే పాఠం ఇది.

సైకిల్ తొక్కడం గుండెకు, కీళ్లకు, చక్కెర వ్యాధి ఉన్నవారికి మంచిదే. 2023 అక్టోబరులో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన, పైన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ దారి తెరిచారు. కొత్తగా నేర్చుకునేవారికి అది అనుకూలం. కాని నున్నటి దారి మీద అలవాటైన తొక్కుడు మట్టి బాట మీద పనికిరాదు.

పడకుండా ఉండాలంటే

1. టైరులో గాలి రోడ్డు మీద ఉన్నంత గట్టిగా ఉండనవసరం లేదు. కొంచెం తగ్గిస్తే టైరు మట్టిని పట్టుకుంటుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు పంచరవుతుంది.

2. కంకర మీద ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కితే ముందు చక్రం జారి, మనిషి ముందుకు పడతాడు. మలుపు రాకముందే వేగం తగ్గించండి. వెనుక బ్రేకును ఎక్కువగా, ముందు బ్రేకును మెల్లగా వాడండి.

3. గుంతను చూస్తూ తొక్కితే గుంతలోకే పోతాం. వెళ్లవలసిన దారిని చూడండి. ఎగుడుదిగుడు చోట సీటు మీద నుండి కాస్త లేచి, మోచేతులు, మోకాళ్లు వంచి ఉంచండి.

4. అనంతగిరి వైపు ఎర్రమట్టి, తాండూరు వైపు నల్లరేగడి. రేగడి తడిస్తే చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య పేరుకుని చక్రం తిరగదు. అప్పుడు దిగి నడవడమే మేలు. అడుగు కనబడని నీటి గుంతలోకి సైకిల్ దింపవద్దు.

5. హెల్మెట్ పెట్టుకోండి. పిల్లలను క్యారియర్ మీద ఎక్కించుకుంటే కాళ్లు చక్రం పుల్లల్లో పడకుండా అడ్డు కట్టించండి.

పడితే ఏమి చేయాలి?

గాయాన్ని కుళాయి నీటి కింద సబ్బుతో బాగా కడగండి. మట్టి, కంకర పోయేవరకు కడగాలి. పసుపు, సున్నం, కాఫీ పొడి పెట్టవద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి.

సైకిల్ మీద నుండి పడినవారు తరచుగా అనే మాట ఒకటి ఉంది: "ఇనుము గీసుకోలేదు, మట్టిలోనే పడ్డాను, ఇంజెక్షన్ ఎందుకు?" ఇది పొరపాటు. ధనుర్వాతం తుప్పు వలన రాదు. ఆ వ్యాధి క్రిములు మట్టిలో, పశువుల పేడలో ఉంటాయి. ఎద్దులబండ్లు, గొర్రెల మందలు తిరిగే బాట మీద పడిన చిన్న గాయమైనా వాటికి దారి ఇస్తుంది. సాధారణంగా 3 నుండి 21 రోజుల్లో దవడలు బిగుసుకుపోవడం, మింగలేకపోవడం, ఒళ్లు విల్లులా వంగడం మొదలవుతాయి. అప్పటికి ప్రాణాపాయమే. ముందుగా టీకా ఉంటే దాదాపు పూర్తిగా తప్పించుకోవచ్చు.

"24 గంటలు దాటాయి, ఇక లాభం లేదు" అని కొందరు రారు. ఆలస్యమైనా తప్పక రావాలి. అలాగే ప్రతి గీతకూ ఇంజెక్షన్ అవసరం లేదు. టీకాలు పూర్తిగా వేయించుకుని, చివరిది వేసి 5 సంవత్సరాలు దాటకపోతే సాధారణంగా మళ్లీ అక్కరలేదు. అసలు వేయించుకోనివారికి మూడు మోతాదులు కావాలి. లోతైన, మురికి గాయమైతే వారికి మరొక ఇంజెక్షన్ కూడా ఇవ్వవలసి వస్తుంది.

ఇంట్లో ఒక విషయం గమనించండి. స్త్రీలకు గర్భిణిగా ఉన్నప్పుడు ఈ టీకా ఇస్తారు. పిల్లలకు 10, 16 ఏళ్లలో ప్రభుత్వం టి.డి. టీకా ఇస్తుంది. పాత టి.టి. స్థానంలో ఇది వచ్చింది. మిగిలిపోయేది ఇంటి పెద్దాయన. రోజూ సైకిల్ తొక్కేది తరచుగా ఆయనే.

వెంటనే ఆసుపత్రికి రావలసినవి

తలకు దెబ్బ తగిలి వాంతులు, మత్తు, మాట తడబాటు ఉన్నా, చెవి నుండి రక్తం వచ్చినా, హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుని నొప్పి పెరుగుతున్నా ఆగవద్దు. పైకి గాయం కనబడకపోయినా లోపల రక్తం కారుతుండవచ్చు. 108కి ఫోను చేయండి.

ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకోండి

• మన ఇంట్లో ధనుర్వాతం టీకా ఎవరు ఎప్పుడు వేయించుకున్నారు? ఒక కాగితం మీద రాసి పెట్టండి.
• సైకిల్ బ్రేకులు రెండూ పనిచేస్తున్నాయా?
• మట్టిలో పడిన గాయానికి మొదట చేయవలసిన పని ఏది?

మొదటి ప్రశ్నకు "గుర్తు లేదు" అనేవారు గాయం అయ్యేదాకా ఆగకుండా, ఈ వారమే దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడగండి.