దూకుడు తగ్గించుకోమన్నారా?

మ్యూనిక్

చిరంజీవి చిన్నికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియోలు రెండూ చూశాను. చదువుకోవడానికి జర్మనీ వచ్చినదానివి, యూనివర్సిటీ జిమ్‌లో జగ్లింగ్ బృందాన్ని వెతికి పట్టుకున్నావంటే ముచ్చటేసింది. “మరీ దూకుడుగా ఆడుతున్నావని అందరూ అంటున్నారు మామయ్యా, తగ్గించుకోనా?” అని అడిగావు. అక్కర్లేదు. కాకపోతే ఆ దూకుడు ఎక్కడ ఖర్చవుతోందో చూసుకోవాలి. దానికే ఇంత పెద్ద ఉత్తరం.

మొదటి వీడియోలో గుంపు ఆట నువ్వే గెలిచావు. రెండోదాంట్లో ఆ బక్కపలచని కళ్లజోడు కుర్రాడి చేతిలో 5-1తో ఓడిపోయావు. నీ ఆటలో తేడా ఏమీ లేదు. రెండు చోట్లా ఒకేలా మీదికి ఉరికావు. మారింది నియమాలు.

గుంపుగా ఆడే గ్లాడియేటర్స్‌లో తలా మూడు క్లబ్బులు, అదే ఒక వైపు పిడి, రెండో వైపు లావుగా ఉండే ఆ ప్లాస్టిక్ కర్రలు, ఎగరేస్తూ బరిలోకి దిగి ఒకరి క్లబ్బులు ఒకరు పడగొట్టబోతారు. ఎవరి క్లబ్బు కింద పడితే వాళ్లు బయటికి, చివరిదాకా మిగిలినవాళ్లది గెలుపు. 1978లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో మొదలైన యూరోపియన్ జగ్లింగ్ కన్వెన్షన్‌లో చూడాలి, ఈ ఆటకి ఎంత జనం దిగుతారో. అంతమందిలో నువ్వు ఒకడి మీద పడి, వాడితో పాటు నువ్వూ పోగొట్టుకుంటే, మిగతావాళ్లందరికీ ఊరికే పని తగ్గించినట్టు. అందుకే అక్కడ కొందరు అంచుల్లో నక్కి, నడుమ ఉన్నవాళ్లు ఒకరినొకరు తుడిచిపెట్టేదాకా చూస్తూ ఉంటారు. వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట. నియమాల ప్రకారం తప్పేమీ లేదనుకో, అయినా మంటే. మీ బృందంలో మాత్రం సగం మంది కొత్తవాళ్లలా ఉన్నారు. నువ్వు వస్తున్నావంటేనే వాళ్ల చేతులు తడబడుతున్నాయి. వీడియో మళ్లీ చూసుకో, నీ చెయ్యి వాళ్ల క్లబ్బుకి తగిలింది చాలా తక్కువసార్లు. అక్కడ గెలిపించింది నీ దెబ్బ కాదు, వాళ్ల భయం.

కళ్లజోడు కుర్రాడు భయపడలేదు. అంతే తేడా.

ఇద్దరే ఎదురెదురుగా నిలబడే పద్ధతిని ఫైట్ నైట్ పేరుతో బాగా ప్రచారంలోకి తెచ్చినవాడు ల్యూక్ బరేజ్, బెర్లిన్‌లో స్థిరపడ్డ ఇంగ్లీషు జగ్లర్. ముందు ఐదు పాయింట్లు తెచ్చుకున్నవాళ్లు గెలిచినట్టు. ఎదుటివాడి క్లబ్బు పడేటప్పటికి నీ మూడూ ఆడుతూ ఉండాలి. ఇద్దరివీ కలిసి పడితే ఎవరికీ ఏమీ రాదు. నువ్వు స్కూలు జట్టుకి కబడ్డీ ఆడినదానివి కాబట్టి నీకు ఇట్టే అర్థమవుతుంది: అవతలి కోర్టులో ఎంతమందిని తాకితే ఏం లాభం, కూత తెగాక? ఇక్కడ నీ మూడు క్లబ్బులే నీ కూత. నువ్వు పోగొట్టుకున్న ఐదు పాయింట్లలో నాలుగింట్లో ఆ అబ్బాయి నీ క్లబ్బుల జోలికే రాలేదు. వాడి క్లబ్బు కొట్టబోయి నీదే జారవిడుచుకున్నావు.

ఇప్పుడు కొంచెం లెక్క. నువ్వు చదివే కమ్యూనికేషన్ ఇంజినీరింగ్‌కి పునాదులు వేసినవాళ్లలో ఒకడైన క్లాడ్ షానన్‌కి జగ్లింగ్ పిచ్చి ఉండేది. ఎగరేసే వస్తువు గాలిలో ఉండే సమయం, చేతిలో ఉండే సమయం, చెయ్యి ఖాళీగా ఉండే సమయం, ఈ మూడింటికీ ఉన్న సంబంధాన్ని ఒక సూత్రంగా రాశాడు. రెండు చేతులకీ మూడు క్లబ్బులకీ వేసి చూస్తే, గాలిలో సమయం పెరిగేకొద్దీ, చేతిలో పట్టి ఉంచే సమయం తగ్గేకొద్దీ చేతికి ఖాళీ దొరుకుతుంది. దాడి చేసేది ఆ ఖాళీలోనే. నువ్వేమో క్లబ్బు అందగానే గట్టిగా బిగించి పట్టుకుంటున్నావు. కోపంలో ఉన్నవాళ్ల పిడికిలి అలాగే బిగుసుకుంటుంది. వేళ్లు వదులు చెయ్యి, ఖాళీ దానంతట అదే వస్తుంది.

ఇంకో మార్గం అందరికీ తెలిసిందే, ఒక క్లబ్బు ఎత్తుగా విసరడం. చేతి మీద నుంచి దాదాపు 1.2 మీటర్లు విసిరితే, పోయి రావడానికి ఒక సెకను పడుతుంది. రెండు సెకన్లు కావాలంటే 4.9 మీటర్లు విసరాలి. ఎత్తు నాలుగు రెట్లయితే గానీ సమయం రెండు రెట్లు కాదు. పైగా అంత ఎత్తున మీ జిమ్‌లో బాస్కెట్‌బాల్ చట్రమో దీపమో ఉంటుంది. అసలు ఇబ్బంది అది కూడా కాదు. క్లబ్బు పైకి వెళ్లిన క్షణాన, అది దిగేటప్పుడు నువ్వు ఎక్కడ నిలబడాలో నీతో పాటు ఎదుటివాడికీ తెలిసిపోతుంది. ఆ అబ్బాయి చేసిందల్లా ఇంతే: నువ్వు ఎత్తుగా విసిరినప్పుడల్లా ఒక అడుగు ముందుకు వేసి, నువ్వు వెనక్కి చేరాల్సిన చోటు ఆక్రమించుకున్నాడు. నిన్ను తాకలేదు, నీ క్లబ్బుని కూడా తాకలేదు. నా లెక్కలో మీ ఇద్దరిలో ఎక్కువ దూకుడు వాడిదే. పైకి కనిపించలేదు, అంతే.

నువ్వు చెయ్యాల్సింది, ముందు వాడి చేత ఎత్తుగా విసిరించడం. అందుకు మీద పడక్కర్లేదు. నీ ఆట కిందగా, ఒంటికి దగ్గరగా పెట్టుకుని, ఒకే తిరుగుడుతో ఆడుతూ చెయ్యి చాస్తే అందేంత దగ్గరికి నడిచి నిలబడు. అందనంత దూరం నుంచి ఒక్కసారిగా ఉరకకు. దగ్గరగా ఉన్న మనిషి ఏమీ చెయ్యకపోతే ఎదుటివాడికి తోచదు, ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది. వాడు ఎత్తుగా విసిరి నీ మీదికి చెయ్యి చాపినప్పుడు ఒక అడుగు పక్కకి జరిగి, దిగుతున్న ఆ క్లబ్బు మీదికి నీ చేతిలో ఉన్నదాన్ని పోనియ్యి. బలంగా కొట్టక్కర్లేదు. తిరుగుతూ దిగే క్లబ్బుకి కొస తగిలినా చాలు, తిరుగుడు చెడిపోయి పిడి బదులు లావుపాటి వైపు చేతిలో పడుతుంది.

పొడుగ్గా ఉండేవాళ్లతో ఎలాగని కూడా అడిగావు. ఇక్కడి మగపిల్లల చేతులు మనవాళ్ల చేతుల కన్నా బారెడు పొడుగు, నిజమే. కానీ ఆ పొడుగు పనికొచ్చేది దూరం నుంచి. నువ్వు వాళ్ల మోచేతుల లోపలికి వచ్చేశాక వాళ్లే వెనక్కి తగ్గాలి. తగ్గుతూ మూడు క్లబ్బులు ఆడటం చాలామంది అభ్యాసం చెయ్యరు. నువ్వు చెయ్యి. వెనక్కి, పక్కకి, గుండ్రంగా నడుస్తూ. చూపు నీ క్లబ్బుల మీద కాకుండా ఎదుటి మనిషి భుజాల ఎత్తున పెట్టు. నీవి ఓరచూపుకి అందితే చాలు. తర్వాత ఎవరినైనా బతిమాలి నీ క్లబ్బుల్లో ఒకదాన్ని మెల్లగా పక్కకి తట్టమను, దాన్ని ఎలాగోలా అందుకుని మళ్లీ వరసలో పడటం నేర్చుకో. విసుగొచ్చే పనే. కానీ దెబ్బ తిన్నాక తేరుకోవడం వచ్చినవాళ్లకే ధైర్యంగా దగ్గరికి వెళ్లే హక్కు ఉంటుంది.

ఇక నిన్ను దూకుడు మనిషివన్నవాళ్ల సంగతి. ఇందులో రెండు రకాల వాళ్లుంటారు. జగ్లింగ్ అంటే పోటీ కాదు, పంచుకునేది, నేర్పుకునేది అని నమ్మే జగ్లర్లు యూరప్‌లో చాలామంది. వాళ్ల దగ్గరే కదా నువ్వు పైసా ఇవ్వకుండా ఇంత నేర్చుకున్నది. అమెరికాలో జేసన్ గార్ఫీల్డ్ అనే జగ్లర్ 2000లో వరల్డ్ జగ్లింగ్ ఫెడరేషన్ పెట్టి, ఇది కూడా ఒక క్రీడేనని స్కోర్లు, పోటీలు మొదలుపెట్టినప్పుడు మొహం చిట్లించినవాళ్లు తక్కువేమీ కాదు. వాళ్ల మాట విను, నవ్వు, ఆడుకో. రెండో రకం, నువ్వు నిజంగా చెయ్యో భుజమో తగిలించినవాళ్లు. మొదటి వీడియోలో ఆ ఎర్రచొక్కా అమ్మాయి మణికట్టుకి నీ క్లబ్బు తగిలింది. పావుకిలో దాకా బరువుండే ప్లాస్టిక్ అది, నొప్పి పుడుతుంది. కొట్టేది క్లబ్బుని, మనిషిని కాదు. ఆ అమ్మాయికి సారీ చెప్పావో లేదో వీడియోలో కనపడలేదు. చెప్పకపోయి ఉంటే ఈసారి కలిసినప్పుడు చెప్పు.

చూడాలనుకుంటే ఫైట్ నైట్‌లో పేరున్న జర్మన్ ఆటగాడు యోఖెన్ ఫైఫర్ ఆటలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. ఎవరు గెలిచారో చూడకు. ప్రతి పాయింటుకీ ముందు ఎత్తుగా విసిరింది ఎవరో, అప్పుడు రెండోవాళ్ల కాళ్లు ఎటు కదిలాయో చూడు. చూస్తూ ఒక కాగితం మీద రాసుకో, నాకు ఫోటో తీసి పంపు. నేనూ చూసి రాస్తాను, పోల్చుకుందాం.

గోళ్లు కత్తిరించుకో. కళ్లజోడు పెట్టుకుని ఆడితే వెనక పట్టీ కట్టు. నుదుటి మీద ఆ బొప్పి గురించి మీ అమ్మకి నేను చెప్పలేదు. ఆదివారం వీడియో కాల్‌లో జుట్టు ముందుకి వేసుకుంటే సరిపోతుందనుకుంటున్నాను, కానీ మీ అమ్మ సంగతి నీకు తెలుసు కదా.

ఇట్లు
నీ మామయ్య