1947లో రూపాయి, డాలరు సమానమా?



"స్వాతంత్ర్యం వచ్చిన రోజున ఒక రూపాయి ఇస్తే ఒక డాలరు వచ్చేది" అనే మాట మీరు వినే ఉంటారు. వక్తృత్వ పోటీల్లో ఈ మాటకు చప్పట్లు కూడా పడతాయి. కానీ అది నిజం కాదు. ఎందుకు కాదో ఎనిమిదో తరగతి లెక్కలు వచ్చిన వాళ్లెవరైనా కనుక్కోవచ్చు.

ముందు ఒక సంగతి. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన రూపాయికి ముడి అంతా ఇంగ్లండు పౌండుతోనే, డాలరుతో కాదు. వాళ్ల లెక్కలో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. అంటే పౌండుకు 240 పెన్నీలు. మన లెక్కలో 16 అణాలు ఒక రూపాయి, 12 పైలు ఒక అణా. ఇవి గుర్తు పెట్టుకోండి.

మన ఊళ్లలో కొందరు అవ్వల మెడలో రూపాయి బిళ్లల దండ ఉంటుంది. ఆ బిళ్ల మీద విక్టోరియా రాణి బొమ్మ ఉంటే, దాని బరువు ఒక తులం. తులమంటే ఇప్పుడు బంగారం కొట్లో చెప్పే 10 గ్రాములు కాదు, పాత తులం, 11.66 గ్రాములు. అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండే. కాబట్టి దాన్ని సంతలో ఎవరైనా "పాత రూపాయేగా" అని అడిగితే ఇచ్చేయకండి. రూపాయి అంటే ఆ రోజుల్లో వెండి. వెండి ధర ఎంతో రూపాయి విలువ సుమారుగా అంత.

ఇంగ్లండు వాళ్లది బంగారు నాణెం. 1870 దాకా రూపాయికి సుమారు 24 పెన్నీలు వచ్చేవి, అంటే పౌండుకు 10 రూపాయలు. ఆ తర్వాత జర్మనీ వంటి దేశాలు వెండి నాణేలు మానేసి బంగారానికి మారాయి. అమెరికాలో కొత్త వెండి గనులు పడ్డాయి. వెండి ధర పడిపోయింది, దాంతో పాటు రూపాయీ పడింది. 1890ల నడుమ 14 పెన్నీల కిందికి కూడా దిగింది.

దిగితే మనకేం? అనుకోవచ్చు. కానీ మన దేశం ఏటా లండనుకు పౌండ్లలో డబ్బు కట్టాలి. రిటైరైన తెల్ల దొరల పింఛన్లు, సైన్యం ఖర్చు, అప్పుల మీద, రైళ్ల మీద వడ్డీ. వీటిని హోం చార్జీలు అనేవారు. వెయ్యి పౌండ్లు పంపడానికి మునుపు 10,000 రూపాయలు చాలేవి. రూపాయి 16 పెన్నీలైతే 15,000 కావాలి. 14 పెన్నీలైతే 17,000 దాటుతుంది. ఆ ఎక్కువ రూపాయలు ఎవరిస్తారు? పన్ను కట్టేవాళ్లే. 1888లో ఉప్పు పన్ను మణుగుకు 2 రూపాయల నుంచి రెండున్నరకు పెంచారు. దానికున్న కారణాల్లో ఈ మారకం నష్టం ఒకటి. లండనులో లెక్క మారితే ఇక్కడ కూడు తినేవాడి ఉప్పు ప్రియమైందన్నమాట.

1893 దాకా ఎవరైనా వెండి తీసుకుపోతే టంకశాలలో రూపాయలు కొట్టి ఇచ్చేవారు. ఆ ఏడు అది ఆపేశారు. రూపాయలు కరువై వాటి విలువ మెల్లగా లేచింది, చివరికి 16 పెన్నీల దగ్గర నిలిపారు. అణాకు సరిగ్గా ఒక పెన్నీ! ఇంత సులువైన లెక్క మళ్లీ రాలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అదీ చెదిరిపోయింది. 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ రూపాయికి 18 పెన్నీలు ఉండాలంది, 1927లో చట్టమైంది. ఆ కమిషన్‌లోనే ఉన్న పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ ఒప్పుకోలేదు, 16 చాలన్నారు. ఎందుకో చూడండి. వేరుశెనగ లండనులో ఒక పౌండుకు అమ్మితే 16 పెన్నీల లెక్కన చేతికి 15 రూపాయలు వస్తాయి. 18 లెక్కన 13 రూపాయల 5 అణాల 4 పైలు. పంట అదే, కష్టం అదే, రాబడి తగ్గింది. లాభం విదేశీ గుడ్డలు దిగుమతి చేసేవాళ్లకు. రూపాయి ఎంత బలంగా ఉంటే అంత మంచిదనుకోవడం అందుకే పొరపాటు. అమ్మేవాడి లెక్క వేరు, కొనేవాడి లెక్క వేరు.

ఇక మన ప్రశ్న. 1947లోనూ రూపాయికి 18 పెన్నీలే. 240ని 18తో భాగిస్తే పౌండుకు 13.33 రూపాయలు. అప్పుడు పౌండుకు 4.03 డాలర్లు. 13.33ను 4.03తో భాగించండి: 3.31. అంటే డాలరుకు 3 రూపాయల 5 అణాలు. సమానం కాదు!

1949 సెప్టెంబరులో ఇంగ్లండు పౌండును 2.80 డాలర్లకు దించింది. మనమూ వెంట దిగాం, డాలరు 4.76 అయింది. 1966 జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం దాన్ని 7.50 చేసింది. ఇక్కడ ఒక చిక్కుంది. రూపాయి విలువ 36.5 శాతం తగ్గించారని కొందరు రాస్తారు, డాలరు ధర 57.5 శాతం పెరిగిందని కొందరు. రెండూ సరైనవే. 2.74 తేడాను 7.50తో భాగిస్తే మొదటిది, 4.76తో భాగిస్తే రెండోది.

1991లో దిగుమతులకు డాలర్లు చాలలేదు. సుమారు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాను బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టారు. జులై 1న, 3న రెండు విడతలుగా రూపాయి దించారు. అప్పటి ప్రధాని మన తెలుగువారు పి.వి. నరసింహారావు. 1993 నుంచి రేటు బజారే నిర్ణయిస్తోంది. 2022లో డాలరు 80 రూపాయలు దాటింది.

మీకో లెక్క: 1966 జూన్‌లో రూపాయి దించాక పౌండు 21 రూపాయలైంది. 1967 నవంబరులో ఇంగ్లండు తన పౌండును 2.80 నుంచి 2.40 డాలర్లకు దించింది. ఈసారి మనం కదల్లేదు, డాలరు 7.50గానే ఉంది. అప్పుడు పౌండుకు ఎన్ని రూపాయలు? జవాబు వచ్చే సంచికలో.