స్నేహం చెడకుండా ‘వద్దు’ అనడం ఎలా?

మొదటి సిగరెట్‌ను సొంత డబ్బుతో కొనుక్కున్నవాళ్లు అరుదు. ఇంటర్లోనో, ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలోనో టీకొట్టు దగ్గర స్నేహితుడే వెలిగించి చేతికిస్తాడు. ‘ఒక్క దమ్మేరా, ఏం కాదు’ అంటాడు. గొంతు మండుతుంది, దగ్గొస్తుంది, పక్కవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు పడలేక కుర్రాడు రెండోది అందుకుంటాడు. పొగలోని నికోటిన్ దాదాపు 10 సెకన్లలో మెదడుకు చేరుతుంది. ఎదిగే వయసులో అది మరీ తొందరగా అలవాటైపోతుంది.

చట్టం లేక కాదు. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. విద్యాసంస్థలకు 100 గజాల లోపు అమ్మకాలే ఉండకూడదు. పెట్టె మీద 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉండాలి. కానీ కిళ్లీకొట్టులో విడిగా ఒక్కటి కొనేవాడికి ఆ బొమ్మ కనపడదు. ఇక ‘కొట్టుకెళ్లి ఒక సిగరెట్ పట్రా నాన్నా’ అంటూ పిల్లాణ్ని పంపే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పెద్దయ్యాక ఇదంతా మామూలేనని వాడికి అక్కడే అర్థమైపోతుంది.

పదహారేళ్లవాడికి క్యాన్సర్ పేరు చెబితే భయం వేయదు. అది ముసలివాళ్ల జబ్బనుకుంటాడు. వాడికి స్నేహం చెడకుండా కాదనే నేర్పు కావాలి. ‘నాకొద్దు మామా, టీ చెప్పు’ అంటే చాలు. కారణాలు చెప్పబోతే వాదన మొదలవుతుంది. ఈ నేర్పు ఇంట్లోనే రావాలి. చెప్పిన ప్రతిదానికీ తలూపితేనే మంచి పిల్లాడని పెంచితే, బయట స్నేహితుడి మాటకూ అలాగే తలూపుతాడు. ఇష్టం లేనిది ఇష్టం లేదని మర్యాదగా చెప్పినప్పుడు కసరకుండా వినండి.

ఇప్పటికే అలవాటున్నవారు రోజుకు రెండు తగ్గించి తృప్తిపడకుండా, ఒక తేదీ పెట్టుకుని పూర్తిగా మానేయాలి. తాగాలన్న యావ సాధారణంగా కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. ఆ కాసేపూ గ్లాసుడు నీళ్లు తాగండి, నాలుగడుగులు నడవండి. టీతోపాటు సిగరెట్ తాగేవారు కొన్నాళ్లు ఆ టీకొట్టుకే దూరంగా ఉండండి. మానేసిన 20 నిమిషాలకే గుండె వేగం తగ్గుతుంది. ఏడాదికి గుండెజబ్బు ముప్పు దాదాపు సగమవుతుంది. ఒంటరిగా కష్టమనిపిస్తే జాతీయ క్విట్‌లైన్ 1800-112-356కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

తండ్రులకు ఒక్క మాట: పిల్లాడికి బుద్ధులు చెప్పే ముందు మీ జేబులోని పెట్టె తీసి పారేయండి.