బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత జుట్టు రాలుతుంటే...



కోదాడ వైపు గ్రామం నుంచి ఒక సోదరి మా ఓపీకి వచ్చారు. తల మీద కొంగు తీయకుండానే కూర్చున్నారు. సంచిలోంచి ఒక పాలిథిన్ కవరు తీసి బల్ల మీద పెట్టారు. అందులో ఉండలా చుట్టిన వెంట్రుకలు. "డాక్టరమ్మా, ఇది ఒక్క వారం జుట్టు. ఇట్లనే పోతే పండుగ నాటికి నా నెత్తి మీద ఏం మిగలదు" అన్నారు.

ఆమెకు నాలుగు నెలల క్రితం హైదరాబాదులో బరువు తగ్గే ఆపరేషన్ జరిగింది. 112 కిలోల నుంచి 88 కిలోలకు వచ్చారు. షుగరు మాత్రలు సగానికి తగ్గాయి. మెట్లెక్కితే మోకాళ్లు పట్టేయడం లేదు. కానీ ఇంట్లో వాళ్ల కళ్లకు ఇవేవీ కనబడలేదు, జుట్టు ఒక్కటే కనబడింది. ఆపరేషన్ వికటించిందని ఒకరు, ఆ మాత్రలు వేడి చేశాయని ఇంకొకరు అన్నారట. వదినగారి సలహా మీద విటమిన్ మాత్రలన్నీ మూడు వారాల క్రితమే ఆపేశారు. చలవ చేస్తుందని మూడు పూటలా పెరుగన్నమే తింటున్నారు.

ఆ చివరి రెండు మాటలు విన్నాక నాకు జుట్టు కంటే ఎక్కువ ఆందోళన కలిగింది. ఎందుకో ఈ వ్యాసంలో చెబుతాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి హైదరాబాదు, విజయవాడ వెళ్లి ఈ ఆపరేషన్ చేయించుకొని వచ్చేవారిని ఇప్పుడు మన సంఘ కుటుంబాలలో కూడా చూస్తున్నాం. ఆపరేషన్ అక్కడ జరుగుతుంది గానీ జుట్టు రాలేది ఇక్కడ, మన ఇళ్లలో. అప్పుడు సలహా చెప్పేది ఇరుగుపొరుగు వారే.

జుట్టు ఎందుకు రాలుతుంది?

మన తల మీద సుమారు లక్ష వెంట్రుకలు ఉంటాయి. అన్నీ ఒకేసారి పెరగవు. నూటికి 85 నుంచి 90 వెంట్రుకలు పెరిగే దశలో ఉంటాయి, ఈ దశ రెండు నుంచి ఆరేళ్లు సాగుతుంది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం విశ్రాంతి దశలో ఉంటాయి. దాదాపు మూడు నెలలు అలా ఉండి రాలిపోతాయి, అదే కుదురు నుంచి కొత్త వెంట్రుక వస్తుంది. అందుకే ఆరోగ్యవంతులకు కూడా రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే.

సాగర్ ఎడమ కాలువ కింద పొలాలు చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక మడిలో నాట్లు పడుతుంటే పక్క మడి పొట్ట మీద ఉంటుంది, ఇంకో మడి కోతకు వస్తుంది. ఊరంతా ఒకేసారి బోసిపోదు. అదే అన్ని మళ్లూ ఒకే వారంలో కోసేస్తే? శరీరానికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు తల మీద జరిగేది ఇదే. పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్తాయి, రెండు మూడు నెలల తర్వాత కలిసికట్టుగా రాలతాయి. అమెరికాలోని చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్ 1961లో దీనికి 'టెలోజెన్ ఎఫ్లూవియం' అని పేరు పెట్టాడు. పేరు కొత్తదైనా సంగతి మన పెద్దలకు తెలుసు. టైఫాయిడ్ తగ్గిన రెండు నెలలకు జుట్టు ఊడడం, కాన్పయిన మూడో నెలలో దువ్వెన నిండా వెంట్రుకలు రావడం ప్రతి ఇంట్లో చూసిందే. 2021లో కరోనా నుంచి కోలుకున్నవారు ఎంతమంది ఇదే బాధతో వచ్చారో!

బరువు తగ్గే ఆపరేషన్‌లో దెబ్బ రెండు వైపుల నుంచి తగులుతుంది. ఒకటి, ఆపరేషన్, మత్తు. రెండోది, తిండి ఒక్కసారిగా తగ్గి బరువు వేగంగా దిగిపోవడం. ఎక్కువమందికి చేసే 'స్లీవ్' పద్ధతిలో జీర్ణకోశంలో దాదాపు ముప్పావు వంతు తీసేస్తారు. 'బైపాస్' పద్ధతిలో జీర్ణకోశాన్ని చిన్న సంచిలా చేసి, చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పించి ఆహారం కిందికి పోయేలా కలుపుతారు. శరీరం ఇది కరువు కాలం అనుకుంటుంది. గుండెకు, మెదడుకు, కండరాలకు పంచిన తర్వాతే జుట్టుకు ఇస్తుంది.

అందువల్ల ఈ ఆపరేషన్ చేయించుకున్నవారిలో సుమారు సగం మందికి జుట్టు రాలుతుంది. సాధారణంగా మూడో నెలలో, నాలుగో నెలలో మొదలై, కొన్ని నెలలు సాగి, ఏడాది లోపు ఆగిపోతుంది. కుదుళ్లు చావవు. ఈ రోజు రాలిన వెంట్రుక మూడు నెలల క్రితమే సెలవు తీసుకుంది. కాబట్టి నిన్న మింగిన మాత్ర వల్ల ఈ రోజు జుట్టు ఊడింది అనుకోవడం పొరపాటు.

ఎప్పుడు ఊరుకోకూడదు?

నేను మొదట అడిగే ప్రశ్న, ఎన్నో నెలలో మొదలైంది అని. మూడు నుంచి ఆరు నెలల లోపు మొదలైతే చాలావరకు పైన చెప్పినదే. అప్పుడు కూడా ఆహారం, మాత్రలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలైనా, ఏడాది గడిచినా ఆగకపోయినా ఒంట్లో ఏదో లోపించిందని అనుమానించాలి.

అన్నిటికంటే ఎక్కువగా చూసేది ఇనుము లోపం. ఆహారంలోని ఇనుము ఒంటికి పట్టాలంటే జీర్ణకోశంలో ఆమ్లం కావాలి, చిన్నపేగు మొదటి భాగం కావాలి. ఆపరేషన్‌తో ఆమ్లం తగ్గుతుంది, బైపాస్‌లో ఆ పేగు భాగమే దారి తప్పుతుంది. నెలసరి ఎక్కువగా అయ్యే స్త్రీలకు ఇది మరీ కష్టం. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి బాగుందనుకోకండి. ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే 'ఫెరిటిన్' పరీక్ష అంతకు ముందే పడిపోతుంది. దానితో పాటు బి12, ఫోలిక్ ఆసిడ్, విటమిన్ డి, ఆల్బుమిన్, థైరాయిడ్ చూడమని మేము రాస్తాం. అవసరమైతే జింక్ కూడా. లావుగా ఉన్న స్త్రీలలో థైరాయిడ్ తక్కువగా ఉండడం, పీసీఓడీ ఉండడం తరచుగా చూస్తాం, ఆ రెండూ కూడా జుట్టును పలచన చేస్తాయి.

రూపాయి బిళ్లంత మేర గుండ్రంగా ఊడితే అది పేనుకొరుకుడు, వేరే జబ్బు. నెత్తిన పొక్కులు, మచ్చలు ఉన్నా అంతే. పాపిట మాత్రమే రోజురోజుకూ వెడల్పవుతుంటే అది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల రకం కావచ్చు. వీటికి చర్మవైద్యుని వద్దకు వెళ్లాలి. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది కాబట్టి ప్రతిదానికీ హైదరాబాదు బస్సెక్కనవసరం లేదు.

పెరుగన్నం ఎందుకు చాలదు?

వెంట్రుక అంటే మాంసకృత్తులే. ఆపరేషన్ అయినవారికి రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. కొందరికి 80 వరకు అవసరం. కప్పు అన్నంలో ఉండేది నాలుగు గ్రాములే. చిన్నదైన కడుపును అన్నంతో నింపితే మిగతా దేనికీ చోటుండదు. మా సోదరి తిన్న మూడు పూటల పెరుగన్నం లెక్కేస్తే 25 గ్రాములు కూడా దాటలేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల నీడన ఉండే మనకు అన్నం చివర తినమని చెప్పడం కష్టమే, అయినా చెప్పక తప్పదు. కంచంలో మొదట గుడ్డు, చేప, కోడికూర లేదా గట్టి పప్పు, తర్వాత కూరగాయ, చోటుంటే అన్నం.

ఒక రోజు లెక్క ఇలా కుదురుతుంది. రెండు గుడ్లలో 12 గ్రాములు, ఉడికిన చేప లేక చికెన్ 100 గ్రాముల్లో 20కి పైగా, పావు లీటరు పాలలో 8, ఒక గిన్నె గట్టి పప్పులో 6, గుప్పెడు వేయించిన శనగల్లో 6, చిన్న గిన్నె పెరుగులో 5. ఇవన్నీ ఒక పూట తినలేరు, అయిదారు సార్లు కొంచెం కొంచెంగా తినాలి. బొచ్చె, రవ్వ, జలేబి ఏ చేపైనా ఫరవాలేదు, కొరమేనే కావాలని లేదు. మాంసం తినని రోజుల్లో మీల్‌మేకర్ మంచిది. ఎండు మీల్‌మేకర్ 30 గ్రాముల్లో 15 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పప్పుచారు తాగి పప్పు తిన్నామనుకోవద్దు, అది నీళ్లే. భోజనంతో పాటు నీళ్లు తాగకుండా అరగంట ఆగి తాగండి.

ఉపవాసాల గురించి కూడా అడుగుతున్నారు. ఆపరేషన్ అయిన మొదటి సంవత్సరం శ్రమల దినాల్లో గానీ శుక్రవారాల్లో గానీ పూటలు మానవద్దని మా మనవి. పాస్టరుగారితో మాట్లాడండి, ఆయన కాదనరు.

మాత్రలు వేడి చేస్తాయా?

చేయవు. ఇనుము మాత్రకు కడుపులో మంట, మలబద్ధకం, నల్లటి విరేచనం రావచ్చు. అలాంటప్పుడు మాత్ర మార్చమని అడగాలి గానీ మానకూడదు. ఈ ఆపరేషన్ తర్వాత విటమిన్లు ఆరు నెలల కోర్సు కాదు, జీవితాంతం. ఇనుము మాత్రను టీతో వేసుకోవద్దు, టీకి గంట రెండు గంటలు ఎడం ఉంచండి. కాల్షియం మాత్రకు, ఇనుము మాత్రకు మధ్య రెండు గంటలు తేడా ఉండాలి. నిమ్మరసం తోడైతే ఇనుము బాగా పడుతుంది.

మెడికల్ షాపుల్లో జుట్టుకని బయోటిన్ మాత్రలు విరివిగా అమ్ముతున్నారు. బయోటిన్ లోపం అరుదు. లోపం లేనివారికి అది జుట్టు మొలిపిస్తుందనడానికి బలమైన ఆధారం లేదు. పైగా పెద్ద మోతాదులో వాడేవారికి థైరాయిడ్ పరీక్ష, గుండెపోటు గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష తప్పుగా రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది. వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు తప్పక చెప్పండి. జింక్ కూడా ఇష్టం వచ్చినట్లు మింగితే ఒంట్లో రాగి తగ్గిపోతుంది. విటమిన్ ఎ మితిమీరితే అదే జుట్టును రాలుస్తుంది.

ఇప్పుడు నన్ను భయపెట్టిన సంగతి. ఆపరేషన్ అయినవారు మాత్రలు మానేసి, సరిగా తినక, వాంతులు చేసుకుంటుంటే ఒంట్లోని బి1 విటమిన్, అంటే థయమిన్, కొద్ది వారాల్లోనే అడుగంటుతుంది. అప్పుడు కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, వస్తువులు రెండుగా కనబడడం, మాటల్లో తికమక వస్తాయి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. మన ఊళ్లలో నీరసమంటే ముందు గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. థయమిన్ లేని ఒంట్లోకి ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు జరిగే హాని ఇంకా పెరుగుతుంది, ముందు థయమిన్ ఇంజెక్షన్ పడాలి. కాబట్టి ఎక్కడికి వెళ్లినా మొదటి మాటగా "నాకు బరువు తగ్గే ఆపరేషన్ అయింది" అని చెప్పండి. రెండు మూడు రోజులు వాంతులు ఆగకపోతే ఆసుపత్రికి రండి. జుట్టు రాలితే మళ్లీ వస్తుంది, ఇది అలా కాదు.

నూనెలు, బోరు నీళ్లు, గుండు

కొబ్బరినూనె రాసుకోండి, వెంట్రుక మెత్తగా ఉంటుంది, చిక్కు తక్కువ పడుతుంది. కుదురు నుంచి కొత్త జుట్టు పుట్టించే శక్తి మాత్రం ఏ నూనెకూ లేదు, వందల రూపాయలు పోసి కొనవద్దు. మా ప్రాంతంలో నేరమంతా బోరు నీళ్ల మీద వేయడం అలవాటు. ఉప్పు నీళ్లకు వెంట్రుక గరుకెక్కి మధ్యలో తెగుతుంది. మీ చేతికొచ్చిన వెంట్రుక చివర చిన్న తెల్లటి బొడిపె ఉంటే అది తెగింది కాదు, దశ పూర్తయి కుదురు నుంచి రాలింది. గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందన్నది కూడా భ్రమే. కుదుళ్లు చర్మం లోపల ఉంటాయి, మంగలి కత్తి అక్కడి దాకా పోదు.

తలస్నానం మానవద్దు. వారం రోజులు మానితే ఏడు రోజుల వెంట్రుకలు ఒకేసారి వచ్చి గుండె ఝల్లుమంటుంది. లెక్కపెట్టడం, కవర్లలో దాచడం కూడా వద్దు. దాచిన జుట్టును స్టీలు గిన్నెలకు మారకం వేసేవారికి ఇవ్వాలనుకుంటే అది మీ ఇష్టం! నెలకొకసారి పాపిటను ఫోన్‌లో ఫొటో తీసుకుంటే చాలు. జడ బిగించి వేయకండి, తడి జుట్టు దువ్వకండి.

ఇంకొక మాట. ఆపరేషన్ తర్వాత సంవత్సరం నుంచి ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గగానే కొందరికి నెలసరి సరిపడి, అనుకోకుండా గర్భం నిలుస్తుంది. ఈ సంగతి ముందే మీ డాక్టరుతో మాట్లాడుకోండి.

ఆ సోదరికి ఫెరిటిన్ బాగా తక్కువగా వచ్చింది, బి12 కూడా. మాత్రలు మళ్లీ మొదలుపెట్టించి, ఇంజెక్షన్లు ఇచ్చి, వదినగారిని కూడా పిలిపించి గుడ్ల లెక్క అప్పగించాం. అయిదు నెలల తర్వాత ఇద్దరూ వచ్చారు. ఈసారి ఫిర్యాదు వేరు. నుదుటి పైన వేలెడంత పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకొని లేచాయట, ఎంత నూనె పెట్టి దువ్వినా అణగడం లేదట. జుట్టు నెలకు సెంటీమీటరే పెరుగుతుంది, జడలో కలవడానికి రెండేళ్లు పడుతుందని చెప్పాను. "అప్పటిదాకా కొంగు ఉండనే ఉందిలే డాక్టరమ్మా" అన్నారు వదినగారు.