పాస్డ్ అవుట్, పాస్డ్ అవే



మనలో చాలామంది బెంగళూరు వచ్చి స్థిరపడి ఒక తరం దాటింది. పిల్లలు ఇంగ్లీషులోనే చదివారు. పెద్దలము అవసరానికి లెటరు వ్రాసుకొనేంత నేర్చుకొన్నాము. అయితే పెద్ద మాటల దగ్గర కాదు, పొట్టి మాటల దగ్గరే దెబ్బ తింటాము.

2018లో మా సంఘములో ఒక తల్లి ప్రభువునందు నిద్రించారు. కుమారుడు అమెరికాలో ఉద్యోగి. అత్యవసర సెలవుకు సంఘము నుండి లెటరు కావాలన్నారు. ఒక యౌవనస్థుడు టైపు చేయగా మేమే చూచి సంతకం చేశాము. అందులో ‘హిజ్ మదర్ పాస్డ్ అవుట్’ అని ఉన్నది. మా కంటికి తప్పుగా తోచలేదు. అక్కడి అధికారి, తల్లి స్పృహ తప్పి పడిపోయిందనుకొని, త్వరగా కోలుకోవాలని జవాబిచ్చాడు! మరొక లెటరు పంపి సెలవు దొరికేసరికి ఒక రోజు గడిచింది. సమాధి కార్యక్రమం ముగిసిన తరువాత అబ్బాయి విమానం దిగాడు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మేము ఆ మాట పట్టుకోలేకపోయామన్న బాధ నేటికీ ఉన్నది.

ఎందుకు పట్టుకోలేదు? ‘పాస్డ్ అవుట్’ అంటే మనకు చదువు ముగించుట. సైన్యంలోనూ ఈ వాడుక ఉన్నది. హలసూరు చెరువు దగ్గరి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ కేంద్రంలో శిక్షణ ముగించిన జవానులు చేసే కవాతు ‘పాసింగ్ అవుట్ పరేడ్’. అమెరికాలో మాత్రం ఆ మాట వినగానే స్పృహ తప్పుటయే తోస్తుంది. త్రాగి పడిపోయినా అదే మాట. కనుక అక్కడివారితో ఇంటర్వ్యూలో మన పిల్లలు ‘గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2019’ అనుట క్షేమం.

‘పాస్డ్ అవే’ అంటే మరణించుట. ‘పాస్డ్ ఆన్’ అన్నా అదే; కాని వెనుక ‘ది మెసేజ్’ చేరితే కబురు అందించామని అర్థం. ‘పాస్డ్ బై’ అంటే ఆ దారిన వెళ్లామని.

ఇంగ్లీషును తప్పు పట్టనక్కరలేదు. ‘ఆమె కళ్లు మూసుకొన్నది’ అంటే ప్రార్థనలో ఉన్నదనుకొంటాము. ‘ఆమె కన్ను మూసింది’ అంటే ఉన్నపళంగా ఊరికి బయలుదేరుతాము. మన ‘నిద్రించారు’ను కూడా ఉన్నదున్నట్లు ‘షి స్లెప్ట్’ అని పెడితే, చదివేవాడు ఆమె లేచేవరకు ఆగుతాడు.

సెలవు, బ్యాంకు, పింఛను కాగితాలలో మెత్తని మాటలు వద్దు. ‘డైడ్’ అని వ్రాసి తేదీ వేయండి. వినడానికి కరుకుగానే ఉంటుంది. రెండవ లెటరులో మేము వ్రాసింది అదే.